అయస్కాంత స్ఫటికంలో బ్యాండ్ల సౌష్ఠవం: సొంత కంప్యూటర్‌లో లెక్కించడం ఎలా?

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే విద్యార్థికి సూపర్‌కంప్యూటర్ అందుబాటులో ఉండకపోవచ్చు. అయినా ఇనుములోని ఎలక్ట్రాన్ బ్యాండ్ల (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తి పట్టీల) సౌష్ఠవాన్ని మామూలు ల్యాప్‌టాప్‌లోనే తేల్చవచ్చు. కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం. బ్యాండ్లు లెక్కించడానికి క్వాంటమ్ ఎస్ప్రెసో, వాటి సౌష్ఠవాన్ని గుర్తించడానికి పైథాన్‌లో రాసిన ఇర్‌రెప్, పట్టికల కోసం స్పెయిన్‌లోని బాస్క్ విశ్వవిద్యాలయం నడిపే బిల్బావో క్రిస్టలోగ్రాఫిక్ సర్వర్ ఉంటే చాలు.

సౌష్ఠవంలో అయస్కాంతత్వం తెచ్చే మార్పు ముందు అర్థం కావాలి. కోనసీమ కొబ్బరితోటలో చెట్లు చదరంగా, సమాన దూరంలో ఉంటాయి. తోటనంతా ఒక్క చెట్టు దూరం జరిపినా రూపం మారదు. ఒక చెట్టు మొదలుకు సున్నం, పక్కదానికి ఎర్రమన్ను పూస్తూ పోతే ఆ జరుపుడు ఒక్కటే సరిపోదు, రంగులు కూడా తారుమారు చేయాలి. స్ఫటికంలో ఈ రంగుల మార్పిడి పని చేసేది కాల విపర్యయం, అంటే కాలాన్ని వెనక్కి నడిపినట్టు ఊహించే క్రియ. అది అయస్కాంత భ్రామకాన్ని (పరమాణువు చిన్న అయస్కాంతంలా చూపే దిశను) ఎదురు దిశకు తిప్పేస్తుంది. ఇలాంటి జంట క్రియలను కూడా లెక్కలోకి తీసుకుంటే 230 స్పేస్ గ్రూపులు (స్ఫటిక సౌష్ఠవ రకాలు) 1,651 అయస్కాంత స్పేస్ గ్రూపులవుతాయి.

మొదటి పని కాగితం మీద చేయాలి. భ్రామకం ఏ దిశలో ఉందో నిర్ణయించుకోకుండా సాఫ్ట్‌వేర్ తెరవకండి. ఘనాకారపు ఇనుములో భ్రామకం 001 దిశలో (ఘనం అంచు వెంట) ఉంటే గ్రూపు ఐ4/ఎమ్‌ఎమ్′ఎమ్′. ఇందులో ′ గుర్తు కాల విపర్యయంతో కలిసిన క్రియను సూచిస్తుంది. అదే 111 దిశలో (ఘనం మూల నుంచి ఎదుటి మూలకు) ఉంటే ఆర్3̄ఎమ్′. పరమాణువులు అవే, స్థానాలు అవే, గ్రూపు మాత్రం వేరు. స్పిన్-ఆర్బిట్ బంధాన్ని (ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కక్ష్యా చలనానికీ ఉన్న ముడిని) లెక్కలో చేర్చినప్పుడే ఈ తేడా బ్యాండ్లలో కనిపిస్తుంది. తెలియని పదార్థమైతే బిల్బావో సర్వర్‌లోని మ్యాగ్‌ఎన్‌డేటా (MAGNDATA) సంకలనంలో వెతకండి. ప్రయోగాల్లో తేలిన అయస్కాంత నిర్మాణాలు అక్కడ ఉంటాయి.

తరువాత ఎస్ప్రెసో ఇన్‌పుట్ ఫైలు రాయాలి. లాటిస్ పొడవు 2.87 ఆంగ్‌స్ట్రామ్‌లు. నాన్‌కోలినియర్ లెక్కనూ (భ్రామకాలు ఏ దిశలోనైనా ఉండనిచ్చేది) స్పిన్-ఆర్బిట్‌నూ ఆన్ చేసి, ప్రారంభ అయస్కాంతత్వం ఇచ్చి, కోణాలతో దాన్ని జడ్ అక్షం వైపు నిలపండి. సూడోపొటెన్షియల్ (పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ల ప్రభావానికి బదులుగా వాడే ఫైలు) పూర్తి రిలేటివిస్టిక్, నార్మ్ కన్సర్వింగ్ రకమై ఉండాలి. సూడోడోజో సేకరణలో అలాంటివి దొరుకుతాయి. లెక్క ముగిశాక భ్రామకం ఇంకా జడ్ వైపే ఉందో లేదో అవుట్‌పుట్‌లో తప్పక చూడండి. వేసవిలో మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, గరిష్ఠ సమయం నిర్దేశించే ఇన్‌పుట్ వాడి లెక్కను విడతలుగా నడపడం మంచిది. ఆ గడువు దాటగానే ప్రోగ్రామ్ స్థితిని భద్రపరచి ఆగుతుంది, మళ్లీ అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

ఇప్పుడు కె-బిందువులు, అంటే ఎలక్ట్రాన్ తరంగ సదిశకు ఎంచుకునే విలువలు. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఘనాకారపు ఇనుముకు పాఠ్యపుస్తకంలో ఉండేవి గామా, హెచ్, పి, ఎన్. భ్రామకం జడ్ వైపు నిలవగానే జాబితా మారుతుంది. ఆరు ఎన్ బిందువులు ఇక సమానం కావు. వాటిలో రెండు ఎక్స్‌గా విడిపోతాయి, నాలుగు ఎన్‌గా మిగులుతాయి. హెచ్ స్థానానికి ఎమ్ అనే పేరు వస్తుంది. అందుచేత గామా, ఎమ్, పి, ఎక్స్, ఎన్ ఇచ్చి, తరంగ ప్రమేయాలు డిస్కులో నిలిచేలా బ్యాండ్ల లెక్క నడపండి.

ఇర్‌రెప్‌ను పిప్ (పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాలర్) ద్వారా ఇన్‌స్టాల్ చేసి, అది ఎస్ప్రెసో ఫోల్డరును చదివేలా చూడండి. స్పైనార్ (స్పిన్ రెండు భాగాలూ కలిసిన తరంగ ప్రమేయం) లెక్క అని చెప్పి, అయస్కాంత భ్రామకాల ఫైలు అందించండి. మొదట అది ఏ గ్రూపును గుర్తించిందో చదవండి. మీరు కాగితం మీద రాసుకున్న గ్రూపుతో కలవకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి. బిందు క్రియలు 16 ఉండాలి: 8 మామూలువి, 8 కాల విపర్యయంతో కలిసినవి. అయస్కాంతత్వం లేని ఇనుములో అయితే భ్రమణాలు, ప్రతిబింబాలే 48 ఉంటాయి.

ఫలితం సరైనదేనా అని చూసుకోవడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఈ గ్రూపులో గామా దగ్గర ప్రతి బ్యాండూ ఒంటరిగానే ఉండాలి, ఎందుకంటే అక్కడి ప్రాతినిధ్యాలన్నీ (సౌష్ఠవ క్రియల కింద బ్యాండ్ ఎలా మారుతుందో చెప్పే లేబుళ్లు) ఏకమితీయం. రెండేసి బ్యాండ్లు ఒకే లేబుల్ కింద కనిపిస్తే, శక్తి తేడాకు పెట్టిన పరిమితి పెద్దదైనా అయి ఉండాలి, లేదా స్పిన్-ఆర్బిట్ ఆన్ కాకపోయి ఉండాలి. లేబుళ్లు అసలే రాకపోతే, మీ యూనిట్ సెల్‌ను బిల్బావో పట్టికల సెల్‌కు మార్చే మాత్రికనూ మూలబిందువు జరుపుడునూ సరిచూడండి.

ఇనుము చేతికి వచ్చాక మాంగనీస్ బిస్మత్ టెల్యురైడ్ ప్రయత్నించదగ్గది, అయితే దానికి ల్యాప్‌టాప్ చాలదు, కళాశాల సర్వర్ కావాలి. సుమారు 25 కెల్విన్ కంటే దిగువన దాని పొరల భ్రామకాలు ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి కనుక సెల్‌ను నిలువు దిశలో రెట్టింపు చేయాలి. కాల విపర్యయంలో మారకుండా ఉండే ఎనిమిది కె-బిందువుల దగ్గర, నిండిన బ్యాండ్లలో సరి, బేసి పారిటీల (విలోమ క్రియ కింద గుర్తు మారనివి, మారేవి) సంఖ్యల తేడాలో సగం తీసుకుని కూడండి. ఆ మొత్తాన్ని 4తో భాగిస్తే శేషం 2 రావాలి. బేసి శేషం వస్తే ఆ బ్యాండ్ల మధ్య ఎక్కడో ఖాళీ మూసుకుపోయిందని అర్థం. ఇదే తరహా పరీక్షను 2020లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం మ్యాగ్‌ఎన్‌డేటాలోని 549 నిర్మాణాలపై జరిపింది. లెక్క కుదిరిన 403లో 130 టోపోలాజికల్ స్వభావం (చిన్న మార్పులతో విప్పలేని బ్యాండ్ల అల్లిక) చూపాయి.