హెచ్‌ఐవీ జన్యువులు చదవాలంటే ముందు కణం సంగతి తేల్చుకోండి

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సెమినార్‌లో "విఫ్ అనే జన్యువు లేకపోతే హెచ్‌ఐవీ పెరగదు" అని ధీమాగా చెప్పేసి కూర్చోబోతుంటే, వెనక బెంచీ నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: "ఏ కణంలో?" నాకు నోట మాట రాలేదు.

2023లో చిరుత దాడి తర్వాత అలిపిరి మెట్ల మీద నడిచే భక్తులకు టీటీడీ చేతికర్రలిచ్చింది కదా. అదే కొండకు బస్సులో పోయేవాడికి ఆ కర్రతో పనేముంది? వైరస్‌కు విఫ్ కూడా అలాంటి కర్రే. కణంలో చిరుత, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్, ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

కాబట్టి పరిశోధన పేపర్ తెరవగానే జన్యువు పేరు పక్కన పెట్టి, నోట్సులో ముందు కణం పేరు రాయండి, దాని పక్కన ఆ కణంలో వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్ రాయండి, ఆ తర్వాతే జన్యువు. ల్యాబ్‌లో పెంచే హెచ్9 అనే టి-కణాల్లో (రోగనిరోధక కణాలు) అపోబెక్3జీ అనే అడ్డుకునే ప్రోటీన్ ఉంటుంది, సప్‌టీ1 అనే టి-కణాల్లో దాదాపు ఉండదు. విఫ్ పని దాన్ని వదిలించుకోవడమే. విఫ్ తీసేసిన వైరస్ సప్‌టీ1లో హాయిగా పెరుగుతుంది, హెచ్9లో చతికిలపడుతుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. హెచ్9లోంచి విఫ్ లేని వైరస్‌లు బయటికి రాకపోవడమంటూ ఏమీ లేదు, వస్తాయి, కాకపోతే అపోబెక్3జీని కడుపులో పెట్టుకుని వస్తాయి, అది తర్వాతి కణంలో వైరస్ డీఎన్ఏ తయారయ్యేటప్పుడు అక్షరాలు మార్చి పాడుచేస్తుంది. అంటే వైరస్ ఏ కణంలో సోకింది అన్నదానికంటే ఏ కణంలో తయారైంది అన్నది ముందు చూడాలి. వీపీయూ అనే మరో హెచ్‌ఐవీ జన్యువుకీ ఇదే వరస: తయారైన వైరస్‌ను కణం పొరకే కట్టిపడేసే టెథెరిన్ అనే ప్రోటీన్ హీలా కణాల్లో ఉంటుంది, 293టీ కణాల్లో ఉండదు, కాబట్టి అక్కడ వీపీయూ అనే కర్రతో పనిలేదు.

మాక్రోఫేజ్‌ల (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) కథ వేరు. అక్కడ శామ్‌హెచ్‌డీ1 అనే ప్రోటీన్ వైరస్ డీఎన్ఏకు కావాల్సిన ముడిసరుకునే తగ్గించేస్తుంది. హెచ్‌ఐవీ-2 దగ్గర దాన్ని తొలగించే వీపీఎక్స్ అనే ప్రోటీన్ ఉంది, హెచ్‌ఐవీ-1 దగ్గర లేదు, అందుకే మాక్రోఫేజ్‌లలో హెచ్‌ఐవీ-1ది నత్తనడక. వీపీఆర్ అనే ఇంకో జన్యువు తీసేస్తే మాక్రోఫేజ్‌లలో వైరస్ దిగుబడి బాగా తగ్గుతుంది, విభజన చెందే టి-కణాల్లో అంత తేడా కనబడదు.

నెఫ్ అనే జన్యువు విషయంలో టైమింగ్ చూడండి. టి-కణాలను ముందే ఉత్తేజపరిచి వైరస్ వేస్తే నెఫ్ ఉన్నా లేకున్నా పెద్ద తేడా రాకపోవచ్చు. నిద్రావస్థలో ఉన్న కణాలకు వైరస్ వేసి, తర్వాత ఉత్తేజపరిస్తే నెఫ్ లేనిది వెనకబడుతుంది. ఈ ఒక్క లైను మెథడ్స్‌లో ఎక్కడో మూల దాక్కుని ఉంటుంది.

ఇక గ్రాఫ్. వైరస్ ఎంత పెరిగిందో కొలిచే పీ24 (వైరస్ ప్రోటీన్) స్కేలు లాగ్‌లో ఉందేమో చూసుకోండి, ఉంటే ఒక్క పెద్ద గీత తేడా అంటే సాధారణంగా 10 రెట్లు. మాక్రోఫేజ్‌లైతే ఎంతమంది దాతల రక్తం వాడారో వెతకండి, దాత మారితే పెరుగుదల చాలా మారుతుంది. ఒక్క దాతతో గీసిన గ్రాఫ్‌ను నేనైతే సెమినార్‌కు పట్టుకెళ్లను.