చారల గోధుమరంగు కోకిలను గుర్తుపట్టడం ఎలా

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు గాని, రాయగడ, గుణుపురం చుట్టుపక్కల కొండల్లో గాని తిరిగే మనవాళ్లకు నల్లకోకిల కూత చిరపరిచితమే. తూర్పు కనుమల అడవుల్లో ఉండే బ్యాండెడ్ బే కుకూ అనే ఈ చారల చిన్న కోకిల మాత్రం చాలామంది కంట పడదు. పొడవు సుమారు 22 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు గోరింకంత. దాన్ని చూడాలంటే ముందు చెవితో వెతకాలి.

ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు పడేదాకా తెల్లవారుజామున అడవి అంచున నిలబడి వినాలి. సన్నగా, చురుగ్గా నాలుగు స్వరాల ఈల మళ్లీ మళ్లీ వస్తుంది. ఇండియన్ కుకూ అనే మరో కోకిల కూడా నాలుగు స్వరాలే పలుకుతుంది గానీ, దాని గొంతు మందం, కూత నడక నిదానం. ఈ చిన్నదానికి మరో కూత కూడా ఉంది: స్వరం అంచెలంచెలుగా పైకెక్కి, హఠాత్తుగా ఆగిపోతుంది.

కూత వచ్చిన దిక్కున ఆకులు దట్టంగా ఉన్నచోట కాకుండా, చెట్టు తలమీది ఎండుకొమ్మలను బైనాక్యులర్‌తో జల్లెడ పట్టాలి. అక్కడే రెక్కలు కాస్త వేలాడేసి కూర్చుని కూస్తుంది. వీపు గోధుమరంగు, దానిమీద ముదురు అడ్డచారలు. పొట్ట తెలుపు, దానిమీద సన్నని చారలు. ఇంతటితో పేరు రాసేసుకోకూడదు. గ్రే-బెల్లీడ్ కుకూ అనే ఇంకో కోకిల ఆడపక్షుల్లో కొన్ని ఇటుకరంగులో, చారలతో ఉండి అందరినీ తికమక పెడతాయి. అందుకని ముఖం చూసేదాకా ఓపిక పట్టాలి: కంటి పైన తెల్లని కనుబొమ గీత, కంటి మీదుగా చెవి దాకా ముదురు గోధుమ పట్టీ స్పష్టంగా ఉంటే ఇదే. ఆ ఇటుకరంగు ఆడపక్షికి ఇంత కొట్టొచ్చినట్టున్న పట్టీ ఉండదు.

రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని రప్పించడం నాకు నచ్చదు. గుడ్లు పెట్టే కాలంలో మగపక్షిని అనవసరంగా రెచ్చగొట్టినట్టవుతుంది.

ఈ కోకిల గూడు కట్టదు, ఎక్కువగా అయోరా అనే చిన్న పిట్ట గూళ్లలో గుడ్లు పెడుతుంది. మామిడి, చింత తోపుల్లోనూ అయోరాలు ఉంటాయి కనుక వానాకాలంలో అక్కడా చూడటం మంచిది. పసుపుపచ్చని అయోరా తనకంటే పెద్దగా ఉన్న చారల పిల్ల నోట్లో గొంగళిపురుగు పెడుతూ కనిపిస్తే, దగ్గరికి వెళ్లకుండా తేదీ, చోటు, చెట్టు పేరు రాసుకోవాలి.