అంబాసిడర్ సెల్ఫ్ ఎత్తకపోతే మోటార్ విప్పకముందు ఎర్త్ చూడుర్రి

మా నాయిన అంబాసిడర్ ఇంకా మా హన్మకొండ ఇంట్లనే ఉంది, పోయిన చలికాలం ఒకరోజు పొద్దుగాల కీ తిప్పితే టక్ మని ఒక్క సప్పుడు, అంతే. మెకానిక్ సెల్ఫ్ మోటార్, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్ పోయిందన్నడు, విప్పి కార్బన్లు (లోపల కరెంట్ అందిచ్చే బ్రష్‌లు) మార్పిచ్చినం, మళ్ళ అదే టక్. పైసలు పోయినయ్ గానీ బాధ దానికి కాదు, మంచిగున్న పాత మోటార్‌ను ఉత్తగ విప్పినమే అని.

మీరు గట్ల చేయకుర్రి. బండి న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్ బ్రేక్ గుంజి, హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టుర్రి. లైట్లు మొత్తం డిమ్ అయితే బ్యాటరీ డౌన్ అన్న అయి ఉండాలె, టర్మినల్ లూజన్న అయి ఉండాలె. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపెడితే ఫుల్లు, 12.2 అంటే సగమే, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే ముందు ఛార్జింగ్ పెట్టుర్రి.

లైట్లు అట్లనే వెలుగుతుంటే మాత్రం కరెంట్ మోటార్ దాకా పోతలేదు, లేదా తిరిగి వస్తలేదు. మాది ఇదే. సొలెనాయిడ్, అంటే కీ తిప్పితే మోటార్‌కు కరెంట్ కలిపే స్విచ్చి, బండి బాడీకి ఉంటది కాబట్టి దానికి బాడీ ఎర్త్ (కరెంట్ బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి) అంది టక్ మంటది, మోటార్ ఇంజన్‌కు ఉంటది, ఇంజన్ రబ్బర్ మౌంటింగ్ల మీద కూసుంటది, బాడీకి దానికి నడుమ కరెంట్ పోయే దారి ఆ ఒక్క ఎర్త్ పట్టీనే. చూసేటందుకు మంచిగనే కనవడ్తది, బోల్ట్ కింద తుప్పు ఉంటది.

చెక్ చేసుడు ఎట్లంటే, బండి స్టార్ట్ కాకుండ ఇగ్నిషన్ కాయిల్‌కు (ప్లగ్గుల స్పార్క్ కోసం వోల్టేజి పెంచేది) వచ్చే సన్న వైరు తీసి పక్కకు పెట్టుర్రి, మల్టీమీటర్ 20 వోల్టుల డీసీల పెట్టి ఒక పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు సీసం మీదనే, ఇంకోటి ఇంజన్ ఒట్టి ఇనుము మీద ఆనిచ్చి ఒకరిని సెల్ఫ్ కొట్టమనుర్రి. 0.2, 0.3 వోల్టుల దాకా పర్వాలేదు, 0.5 దాటితే ఎర్త్ ఖరాబే. అట్లనే ప్లస్ పోస్టు నుంచి మోటార్ బోల్ట్ దాకా గూడ చూడుర్రి, మందం కేబుల్ లోపల పచ్చగ చిలుము పట్టి ఉంటది ఒక్కోసారి.

సెల్ఫ్ మంచిగ తిరిగి బండి అందుకుంటలేదంటే అది వేరే కథ, సీబీ పాయింట్ (స్పార్క్ కోసం కాయిల్ కరెంట్‌ను తెంపే కాంటాక్ట్) గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు ఉందా, వానకాలమైతే ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూతల తడి ఉందా చూసి తుడువుర్రి.

ఇగ ఎర్త్ పట్టీ విప్పేముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీయుడు మర్వకుర్రి. రెండు దిక్కుల పెయింట్ పోయి ఇనుము మెరిసేదాక గీరి, బోల్ట్ గట్టిగ బిగిచ్చి, బిగిచ్చినంక పైనుంచి వాసెలిన్ రాయుర్రి, ముందు కాదు.