తెల్లగా మెరిసే రెండు పెన్సుల బిళ్ల దొరికిందా? ముందు కాటా మీద పెట్టండి

యూకేలో చదువుకుని వచ్చిన పిల్లల సూట్‌కేసుల్లోంచి అక్కడి చిల్లర (పెన్సులు, పౌండ్లు) డబ్బాలకొద్దీ మన ఇళ్లకు చేరుతోంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నాణేలు కూడబెట్టేవాళ్లకి అదొక పండగే. అందులో ఎర్రగా ఉండాల్సిన రెండు పెన్సుల బిళ్ల ఒకటి తెల్లగా కనబడిందంటే చాలు, ఎర్రర్ కాయిన్ (తయారీలోనే పొరపాటు పడ్డ నాణెం) అని, లక్షలొస్తాయని వాట్సాప్‌లో పెట్టేస్తారు. అలాంటివాటిలో చాలామటుకు ఎవరో సరదాకి పూత వేయించినవే.

అసలైన ఎర్రర్ ఎలా పుడుతుందంటే, వేల్స్‌లోని రాయల్ మింట్‌లో (బ్రిటన్ నాణేలు కొట్టే టంకశాల) వేరే నాణెం కోసం చేసిన ఖాళీ బిళ్ల ఒకటి తొట్టెలో మిగిలిపోయి, ఈ అచ్చు కిందకి వచ్చేస్తుంది. ఆ మింట్ వేరే దేశాలకీ నాణేలు కొడుతుంది కాబట్టి ఆ బిళ్ల పరాయి దేశానిది కూడా కావచ్చు. బిళ్ల మారితే బరువు మారుతుంది, మనం పట్టుకోవాల్సింది అక్కడే.

రెండు పెన్సులు 7.12 గ్రాములు, వెడల్పు 25.9 మిల్లీమీటర్లు. పది పెన్సులు 6.5 గ్రాములు, 24.5 మిల్లీమీటర్లు. మీ తెల్ల బిళ్ల 6.5 దగ్గర తూగి, వెడల్పు కూడా కాస్త తగ్గి, అంచు దగ్గర అక్షరాలు సరిగ్గా పడకపోతే, అది పది పెన్సుల ఖాళీ బిళ్ల మీద పడ్డ అచ్చు అయ్యుండొచ్చు. 7.1 చూపిస్తే మాత్రం ఆశ తగ్గించుకోండి, పైన పూత వేసిందో, మింట్‌లోనే రాగి పూత తప్పిపోయిన ఉక్కు బిళ్లో అయ్యుంటుంది (ఈ రెండోది కూడా ఎర్రరే, కాకపోతే వేరే రకం). రెండో దశాంశం దాకా చూపించే కాటా కావాలి, కిరాణా కొట్టు కాటా పనికిరాదు. తెలిసిన బంగారం షాపులో అడిగితే నిమిషంలో తూచి ఇస్తారు. వెడల్పుకి ఇంటర్ ల్యాబ్‌లో వాడిన వెర్నియర్ కాలిపర్స్ చాలు.

తర్వాత అయస్కాంతం. 1992కి ముందు ఒకటి, రెండు పెన్సులు కంచువి, అతుక్కోవు. తర్వాతవి రాగి పూత వేసిన ఉక్కు, అతుక్కుంటాయి. 1998లో రెండు పెన్సులు రెండు రకాలుగానూ కొట్టారు, కాబట్టి ఆ ఏడాది బిళ్ల చూసి టెన్షన్ పడొద్దు. కూడబెట్టేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టే ప్రూఫ్ సెట్లలో 1992 తర్వాత కూడా కంచు వాడారు, అదీ గుర్తుంచుకోండి. ఐదు, పది పెన్సులు 2012 నుంచి నికెల్ పూత ఉక్కు, అంటే కొత్త పది పెన్సుల బిళ్ల కూడా అయస్కాంతానికి అతుక్కుంటుంది. అందుకే అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మితే లాభం లేదు, బరువుతో కలిపి చూడాలి.

రంగు తేడాగా ఉన్న పాత గుండ్రటి పౌండు దొరికితే ముందు దొంగ నాణెం అనుకోండి. 2017లో పన్నెండు అంచుల పౌండు రావడానికి ముందు, చలామణీలో ఉన్నవాటిలో సుమారు 3 శాతం నకిలీలేనని రాయల్ మింటే లెక్కగట్టింది. మన తాతల పెట్టెల్లో దొరికే 1942-45 నాటి పసుపు రంగు అణాలు కూడా ఎర్రర్లు కావు, యుద్ధకాలంలో నికెల్ కొరతకి ఇత్తడి కలిపి కొట్టినవి.

ఇంకొక్క మాట, బుడితి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దేయకండి, పైపొర పోతే నాణేనికి ఉన్న విలువ కూడా పోతుంది. బంగారం షాపుల్లో స్వచ్ఛత చూసే కారట్ మీటర్ మీద పెట్టించినా అది పైపొరనే ఎక్కువగా చదువుతుంది, లోపల ఉక్కు ఉన్నా పైన నికెల్ అనే చూపించొచ్చు. ఆ మీటర్ ఇచ్చిన కాగితం చూపించి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే, బరువెంతో, వెడల్పెంతో అడగండి.