బిడ్డ పెరిగే పరిసరాలను తల్లిదండ్రులు పరిశీలించుకోవడం ఎలా?

కెన్యాలోని కోక్వెట్ గ్రామంలో కిప్సిగిస్ జాతి కుటుంబాలను దగ్గరగా గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త చార్ల్స్ సూపర్, 1976లో ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రకటించారు. అక్కడి పసిపిల్లలు అమెరికా పిల్లలకంటే సుమారు ఒక నెల ముందుగానే కూర్చుంటున్నారు, నడుస్తున్నారు. పాకడంలో మాత్రం వారికి అలాంటి ముందంజ లేదు. పుట్టుకతో వచ్చిన చురుకుదనమే కారణమైతే అన్నింటిలోనూ ముందుండాలి కదా! అసలు సంగతేమిటంటే, అక్కడి తల్లులు కూర్చోవడాన్నీ నడకనూ పనిగట్టుకొని నేర్పేవారు, పాకడాన్ని నేర్పేవారు కారు. తరువాత 1986లో సూపర్, సారా హార్క్‌నెస్ కలిసి, బిడ్డ చుట్టూ ఉండే ప్రపంచాన్ని మూడు భాగాలుగా చూడాలని ప్రతిపాదించారు: బిడ్డ ఉండే చోటూ అక్కడి మనుషులూ, పెంపకంలో వాడుకగా వస్తున్న అలవాట్లు, పెంచే పెద్దల మనసులోని నమ్మకాలు. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల వరకు ఉన్న పిల్లల తల్లిదండ్రులు తమ ఇంటిని తామే పరిశీలించుకోవడానికి ఈ మూడూ చక్కగా పనికివస్తాయి.

ముందుగా ఒక పనిరోజు, ఒక సెలవురోజు ఎంచుకొని, బిడ్డ నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఎక్కడ ఉన్నదీ, పక్కన ఎవరున్నదీ, ఏం చేసిందీ, ఎవరు ఏమని పలకరించారో ఒక నోటు పుస్తకంలో రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి. ఎందుకంటే మనం బిడ్డతో చాలాసేపు మాట్లాడుతున్నామని అనుకుంటాం గానీ, రాసి చూస్తే ఆ మాటల్లో ఎక్కువ భాగం "త్వరగా తిను", "అది ముట్టుకోకు", "చెప్పులు వేసుకో" అనే ఆజ్ఞలే కావచ్చు. రాసేటప్పుడు తప్పొప్పులు ఎంచవద్దు, జరిగింది జరిగినట్టు రాయండి.

ఆ తరువాత ఇంటిని బిడ్డ ఎత్తు నుంచి చూడండి. మంచినీళ్ల గ్లాసు, తన బట్టలు, బొమ్మల పుస్తకాలు తన చేతికి అందుతున్నాయా? నేల మీద దొర్లడానికి, పాకడానికి చోటుందా? కూర్చోబెడితే చక్రాల మీద ఇల్లంతా తిరిగే వాకర్లు నడక నేర్పుతాయన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. అవి మెట్ల మీద నుంచి పడిపోవడం వంటి ప్రమాదాలకు కారణమవుతున్నాయని కెనడా 2004లో వాటిని పూర్తిగా నిషేధించింది. వాటికి బదులు శుభ్రమైన చాప పరిచి, పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలు.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇంటి పనుల మీద. పిల్లలను పక్క గదిలో బొమ్మలతో కూర్చోబెట్టి పెద్దలు పని ముగించుకోవడం ఇప్పుడు మర్యాదైన పెంపకంగా చలామణీ అవుతోంది. ఇది పిల్లలకు నష్టమని నా గట్టి అభిప్రాయం. మూడేళ్ల పాపను పక్కన కూర్చోబెట్టుకొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాయనమ్మ, "పుచ్చు ఉందేమో చూడమ్మా, లేకపోతే ఈ గిన్నెలో వేయి, ముదురుకాయ అయితే గింజ తీసి అటు పెట్టు" అంటుంది. ఆ ఒక్క వాక్యంలో షరతు ఉంది, పోలిక ఉంది, వర్గీకరణ ఉంది. వేళ్లకు పని ఉంది. తన చేతి పని ఇంటిల్లిపాది భోజనంలోకి వెళుతుందన్న గౌరవం ఉంది. కాబట్టి రోజుకు ఒక్క పనైనా బిడ్డకు నిజంగా అప్పగించండి. ఉతికిన బట్టల్లో నాన్నవి వేరు చేయడం, కంచాలు పెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటివి సరిపోతాయి. పని ఆలస్యమవుతుంది, నీళ్లు ఒలుకుతాయి. ఆ సమయాన్ని ముందే లెక్కలో వేసుకోండి. బిడ్డ సరిగా చేయలేదని ఎదురుగానే మళ్లీ చేయకండి.

టీవీ, ఫోను తెరల విషయంలో ఎక్కువ చర్చ అవసరం లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర ముందు కూర్చోవడం వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాత్రం ఏడాదిన్నర లోపు పిల్లలకు సైతం వీడియో కాల్‌ను మినహాయించింది. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇది పెద్ద అవకాశం. ఆ రోజు బిడ్డ ఏం చేసిందో అమ్మమ్మకు ముందే చెప్పి ఉంచితే, "అన్నం తిన్నావా" అన్న ప్రశ్నతో ఆగిపోకుండా సంభాషణ ముందుకు సాగుతుంది.

పెద్దల నమ్మకాలను పరిశీలించడం కష్టమైన పని. బడిలో వెనుకబడకూడదన్న భయంతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని నిర్ణయించుకున్న కుటుంబాలు కొల్లలు. ఆ భాష తమకే ధారాళంగా రానప్పుడు, బిడ్డకు చేరేవి "కమ్", "సిట్", "ఈట్" వంటి పొడి మాటలే. కథ చెప్పడం, కారణం వివరించడం, ఊరడించడం పెద్దలకు బాగా వచ్చిన భాషలోనే సాధ్యం. వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. ఇలాంటి విషయాల్లో భార్యాభర్తలూ అత్తమామలూ భిన్నంగా ఆలోచిస్తే, బిడ్డ ముందు వాదించుకోకుండా, "మీరు మీ అబ్బాయిని ఎలా పెంచారు అత్తయ్యా?" అని అడగడంతో మొదలుపెట్టండి, పెద్దల అనుభవంలో తీసుకోదగినదీ, కాలం మారినందున వదలదగినదీ రెండూ ఆ మాటల్లోనే తేలతాయి.

ఇంటి బయట కూడా బిడ్డకు మనుషులు కావాలి. ఎదురింటి మామ్మ, కూరల బండి తాత, మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో తోటి పిల్లలు అవసరమే. బతుకమ్మకు తంగేడు పూలు ఏరడం, బొమ్మల కొలువులో మెట్లు సర్దడం వంటి పనుల్లో చేయి కలిపిన బిడ్డకు పండుగ తనది అవుతుంది. కొత్త బట్టలతో ఫొటోకు నిలబడిన బిడ్డకు ఆ అనుభవం దక్కదు.

అయితే ప్రతి ఆలస్యానికీ పరిసరాలే కారణమనుకోవడం ప్రమాదకరం. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అని ఊరుకోకుండా ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బడుల్లోనూ వైద్య బృందాలు పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. మీ ప్రాంతానికి ఆ బృందం ఎప్పుడు వస్తుందో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి తెలుసుకోండి.