సంక్రాంతి రద్దీలో చెయ్యి కాలితే: హోటల్ వంటవారు ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం హోటళ్లలో పొయ్యి ఆరదు. కోడిపందేలకు వచ్చేవారికీ, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవారికీ, హైదరాబాదు నుంచి సొంత ఊళ్లకు చేరేవారికీ అదే ఇరుకు వంటగదిలో, అవే పొయ్యిల మీద, పండగ కోసం కొత్తగా పెట్టుకున్న సహాయకులతో వండిపెట్టవలసి వస్తుంది. తొందర, నిద్రలేమి, ఇరుకు మూడూ కలిసిన చోట చెయ్యి కాలడానికి క్షణం చాలు. గాయం కాకుండా చూసుకోవడమే మొదటి పని. అయితే గాయమైన మొదటి ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో, తర్వాతి వారాల్లో జీతం, వైద్యం ఎలా నడుస్తాయో కూడా పండగకు ముందే తెలిసి ఉండాలి.

మన ప్రాంతంలో చాలా హోటళ్లు అన్నాన్ని ఇప్పటికీ గుండిగల్లో వండి గంజి వారుస్తాయి. నా దృష్టిలో వంటగది మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం అదే. ఇద్దరు చెరో వైపు పట్టుకొని గుండిగను వంచగానే ముందుగా ఆవిరి మణికట్లను తాకుతుంది. ఉలిక్కిపడి ఒకరు పట్టు సడలిస్తే సిబ్బి జారి, గంజి నేరుగా పాదాల మీద పడుతుంది. గంజి చిక్కగా ఉండి చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది కాబట్టి మరిగే నీటికన్నా లోతుగా కాలుస్తుంది. మసిగుడ్డ తడిగా ఉంటే వేడి దానిగుండా వెంటనే చేతికి చేరుతుంది. అందుచేత పొడి గుడ్డలు విడిగా ఒక చోట ఉంచి, గంజి వార్చడానికి వాటినే వాడాలి. హవాయి చెప్పులతో ఈ పనికి దిగకూడదు, పాదం మొత్తం కప్పే బూట్లు ఉండాలి. గుండిగ ఎత్తే ముందు ఎవరు మాట చెబుతారో, ఎటువైపు వంచాలో ఇద్దరూ అనుకొని తీరాలి, ముఖ్యంగా రెండోవాడు కొత్తవాడైతే.

గారెలు, బూరెలు, రొయ్యల వేపుడు చేసే బాణలిలో నూనె సగానికి మించకూడదు. కాగిన నూనెలో పడిన నీరు ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. కడిగిన రొయ్యలను నీరు పూర్తిగా ఓడ్చకుండా వేస్తే నూనె మొహం మీదికి చిందేది ఇందువల్లే. నూనె అంటుకుంటే నీళ్లు పోయడం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. చేయి చేరగలిగితే గ్యాస్ కట్టి, బాణలిని మూతతో కప్పి, దానిని కదపకుండా వదిలేయాలి. ఎల్పీజీ గాలికన్నా బరువైనది కాబట్టి కారితే నేల మట్టాన పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి, గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.

కాలిన వెంటనే చేయవలసిన పని ఒక్కటే: కుళాయి కింద మామూలు చల్లటి నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచడం. రెండు నిమిషాలకే మంట తగ్గినట్లు అనిపిస్తుంది, బయట ఆర్డర్లు పిలుస్తుంటాయి, చెయ్యి తుడుచుకొని పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లిపోవాలనిపిస్తుంది. చర్మం కింద వేడి ఇంకా పని చేస్తూనే ఉంటుంది కనుక ఆ ఇరవై నిమిషాలను యజమాని, తోటివారు అందరూ కలిసి కాపాడాలి. కాలిన గంటలోపు, చివరికి మూడు గంటల లోపు చల్లార్చినా ఉపయోగం ఉంటుంది. వాపు రాకముందే ఉంగరం, వాచీ, కడియం, చేతికి కట్టుకున్న దారం తీసేయాలి. బట్ట చర్మానికి అతుక్కుపోతే లాగకూడదు. ఆ తర్వాత శుభ్రమైన పలుచని గుడ్డను గానీ ఆహారం చుట్టే ప్లాస్టిక్ పొరను గానీ బిగించకుండా కప్పాలి. ఐసు పెట్టకూడదు, బొబ్బలు చిదపకూడదు.

ఇడ్లీ పిండి, టూత్‌పేస్టు, సిరా, పసుపు, కాఫీపొడి, కొబ్బరినూనె: మన వంటగదుల్లో ఎవరి చెయ్యి కాలినా వీటిలో ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. అభిమానంతోనే పూస్తారు. అయినా పులిసిన పిండి పచ్చి పుండులోకి క్రిములను చేరుస్తుంది, నూనె వేడిని బయటికి పోనివ్వదు, సిరా, పసుపు రంగుల కింద గాయం ఎంత లోతో డాక్టరుకు కనబడదు. పండగకు ముందే సిబ్బందిని కూర్చోబెట్టి ఈ ఒక్క సంగతి స్పష్టంగా చెప్పిన హోటల్ సగం మేలు చేసినట్లే.

బాధితుని సొంత అరచేయి వేళ్లతో సహా శరీరంలో సుమారు ఒక శాతం. కాలిన చోటు అంతకన్నా పెద్దదైనా, మొహం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలినా, చర్మం తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా, పొగ పీల్చినా ఆలస్యం చేయకుండా 108ను పిలవాలి. ధనుర్వాతం టీకా విషయం ఆసుపత్రిలో తప్పక అడగాలి. మధుమేహం ఉన్నవారు చిన్న గాయమని ఊరుకోరాదు.

కత్తితో చెయ్యి తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి చెయ్యి పైకెత్తి ఉంచడం అందరికీ తెలిసిందే. డెల్టా వంటవారు ఎక్కువగా పట్టించుకోనిది చేప ముల్లు, రొయ్య తలమీది కొమ్ము. చెరువు నీటిలోని క్రిములు ఆ చిన్న పోటులోంచి లోపలికి వెళ్లగలవు. సబ్బుతో కడిగి, మరుసటి రోజుకు వాపు, ఎరుపు పెరిగినా, ఎర్రటి చార చేతి పైకి పాకినా, జ్వరం తగిలినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక కాగితాల సంగతి. పది మంది లేదా అంతకు మించి పనిచేసే హోటల్‌లో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది. పండగ పనికి వచ్చిన తాత్కాలికులూ ఇందులో ఉంటారు. జీతంలో 0.75 శాతం ఉద్యోగి, 3.25 శాతం యజమాని కట్టాలి. పనిలో గాయపడి పని చేయలేని రోజులకు సగటు దినసరి వేతనంలో 90 శాతం భృతి వస్తుంది. ఇంత చందా కట్టి ఉండాలన్న షరతు దీనికి లేదు. కానీ ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. కాబట్టి హాజరు పుస్తకంలో తన పేరు ఉందో లేదో, ఈఎస్ఐ నంబరు వచ్చిందో లేదో పండగకు ముందే అడిగి తెలుసుకోవడం ప్రతి వంటమనిషి హక్కు. ఈఎస్ఐ వర్తించని చిన్న హోటళ్లలో పరిహారం యజమాని బాధ్యత. రెండేళ్లలోగా కార్మిక శాఖ కార్యాలయంలో దావా వేయవచ్చు. మద్యం మత్తులో ఉండగా గాయమైందని తేలితే ఆ పరిహారం దక్కకపోవచ్చు. పండగ రోజుల్లో ఈ మాట గుర్తుండాలి. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలతో దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదం వల్ల కలిగే మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. అయినా తీసుకోవడం మంచిది.

గాయమైన రోజే ఆసుపత్రి చీటీలో "హోటల్‌లో పని చేస్తుండగా" అని రాయించుకోవాలి. ఇంట్లో కాలిందని చెప్పమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. ఆ ఒక్క వాక్యంతో భృతి, పరిహారం రెండూ చేజారే ప్రమాదం ఉంది. తేదీ, సమయం, చూసినవారి పేర్లు రాసిపెట్టుకొని, గాయాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచాలి.

గాయం మానే రోజుల్లో పత్యం పేరిట గుడ్డు, చేప, పప్పు మాన్పించడం మన ఇళ్లలో మామూలు. చర్మం తిరిగి కట్టడానికి మాంసకృత్తులే ఆధారం కనుక డాక్టరు వద్దంటే తప్ప అవి తినాలి. వేళ్ల మీద కాలితే, డాక్టరు చూపిన విధంగా రోజూ వేళ్లు ముడిచి తెరవాలి. లేకపోతే మచ్చ బిగుసుకొని గరిటె పట్టడమే కష్టమవుతుంది. మూడు వారాలకూ మానని గాయాన్ని మళ్లీ చూపించాలి. చీము ఉన్న చేతితో ఆహారం ముట్టుకోకూడదు; పుండులోని స్టాఫిలోకోకస్ క్రిమి ఆహారంలో చేరి పెరిగితే, అది వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. తిరిగి చేరిన తొలి రోజుల్లో కొత్త చర్మం వేడికి ఓర్చుకోలేదు కాబట్టి పెనం, బాణలి దగ్గర కాకుండా సరుకుల లెక్క, బిల్లింగ్, వడ్డన పర్యవేక్షణ లాంటి పని ఇమ్మని ముందే మాట్లాడుకోవాలి.