ఇజుమో తైషాను దర్శించడం ఎలా?

జపాన్‌లో షిమానే ప్రాంతంలో ఉన్న ఈ షింటో (జపాన్ వాళ్ల సొంత మతం) క్షేత్రానికి వచ్చేవాళ్లలో చాలామంది బస్సు దిగి నేరుగా గుడికి వెళ్లిపోతారు. మీరు మాత్రం ముందు పడమరగా కిలోమీటరు నడిచి ఇనాసా తీరానికి వెళ్లండి. గుడి కథ మొదలైంది అక్కడే. ఆకాశ దేవతల దూత ఈ తీరాన దిగి, కత్తిని మొన పైకి ఉండేలా నిలిపి, ఆ మొన మీద కూర్చుని, రాజ్యం వదులుకోమని, అప్పట్లో ఈ నేలను ఏలుతున్న దేవుడు ఓకునినుషిని (ఈ గుడి దేవుడు ఆయనే) అడిగాడని 712 నాటి జపాన్ పురాణ గ్రంథం 'కొజికి' చెబుతుంది. ఓకునినుషి ఒప్పుకున్నాడు, బదులుగా గొప్ప మందిరం కట్టించమన్నాడు. ఆ మందిరమే ఇది. తీరం నుంచి గుప్పెడు ఇసుక సంచిలో వేసుకోండి, తర్వాత పనికొస్తుంది.

గుడి దగ్గర తోరీ ద్వారం ముందు తల వంచి లోపలికి నడవండి. దారి పల్లానికి దిగుతుంది. కుడివైపు చిన్న గుడిలో ముందుగా దణ్ణం పెట్టుకుంటే మనసులోని మలినం పోతుందని నమ్మకం. పైన్ చెట్ల మధ్య దారి దేవుడిది, మనం పక్క దారుల్లోనే నడవాలి. నీళ్ల తొట్టి దగ్గర ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించండి.

అక్కడక్కడా కుందేలు బొమ్మలు కనిపిస్తాయి. సొరచేపలను మోసగించి చర్మం ఊడగొట్టించుకున్న కుందేలుకు ఓకునినుషి అన్నలు ఉప్పునీళ్లలో స్నానం చెయ్యమన్నారు. అది మంటతో విలవిల్లాడింది. వాళ్ల మూటలు మోస్తూ వెనకాల వచ్చిన ఓకునినుషి మంచినీళ్లతో కడుక్కుని జమ్ము పుప్పొడిలో దొర్లమన్నాడు. నాకు ఈ దేవుడి మీద ప్రేమ కలిగింది ఈ కథతోనే. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన మన మహాకాలుడిని, అంటే 'దైకోకు'ను, అక్కడివాళ్లు ఈయనలోనే చూసుకున్నారు.

మొక్కేటప్పుడు మిగతా చాలా గుళ్లలో రెండుసార్లు చప్పట్లు కొడతారు, ఇక్కడ నాలుగుసార్లు. రెండుసార్లు వంగి, నాలుగు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగండి.

1744లో కట్టిన ప్రధాన మందిరం ఎత్తు 24 మీటర్లు. ఒకప్పుడు 48 మీటర్లు ఉండేదన్న మాటను చాలామంది కట్టుకథ అనుకునేవారు. 2000లో తవ్వకాల్లో మూడేసి దేవదారు దుంగలను కలిపి కట్టిన స్తంభాలు బయటపడ్డాక ఆ మాటకు బలం వచ్చింది. ఒక్కో స్తంభం వెడల్పు సుమారు 3 మీటర్లు. దొరికిన చోట నేల మీద గుండ్రాలు గీశారు, ఒకదాని పక్కన నిలబడి చూడండి.

తర్వాత మందిరం పడమటి పక్కకు వెళ్లండి. మందిరం దక్షిణానికి తిరిగి ఉన్నా లోపల దేవుడు పడమరకు తిరిగి ఉంటాడు, అక్కడ నిలబడితే ఆయనకు ఎదురుగా ఉన్నట్టే. చివరగా వెనక ఉన్న సుసానో అనే దేవుడి గుడిలో మీరు తెచ్చిన ఇసుకను పెట్టెలో పోసి, అక్కడ ముందే ఆరి ఉన్న ఇసుకను కొంచెం ఇంటికి తెచ్చుకోండి.